బందరు కాలువ గట్టు మీద ఏడో తరగతి సైన్స్: ఒక కేస్ స్టడీ

మా స్కూల్ నుంచి బందరు కాలువ గట్టుకి పిల్లల నడకలో పది నిమిషాలు. ఆ పది నిమిషాల దూరాన్ని నమ్ముకుని నిరుడు ఏడాది పొడవునా ఏడో తరగతి సైన్స్‌లో కొంత భాగం గట్టు మీదే చెప్పాను. అది ఎలా నడిచింది, పిల్లలకు ఏం వచ్చింది, ఏం రాలేదు, ఎక్కడ ప్రాణం విసిగింది అన్నీ రాస్తున్నాను. ఇది చదివి రేపే పిల్లల్ని బయటికి తీసుకెళ్దామనుకునే టీచర్లకు పనికిరావాలని నా ఉద్దేశం, అందుకే కుక్కల గురించి, బాత్రూముల గురించి కూడా ఉంటుంది. ట్రైనింగుల్లో ఇవి ఎవరూ చెప్పరు.

మాది విజయవాడ నడిబొడ్డున ఉన్న మునిసిపల్ హైస్కూలు. ఆటస్థలం అంటే పొద్దున ప్రార్థన జరిగే సిమెంటు చోటు, ఒక మూల వేపచెట్టు, దాని కింద హెచ్ఎం గారి బండి. క్లాసులో 41 మంది. ఆటో నడిపేవాళ్ల పిల్లలు, బీసెంట్ రోడ్డు షాపుల్లో పనిచేసేవాళ్ల పిల్లలు, ఇళ్లలో పనికి వెళ్లే తల్లుల పిల్లలు, కృష్ణలంక నుంచి నడిచొచ్చేవాళ్లు. అంటే పుట్టినప్పటి నుంచి నదికి, కాలువకి మధ్య బతుకుతున్నవాళ్లే. అయినా "మన దగ్గర కనిపించే నీటి మొక్క పేరు చెప్పండి" అంటే అందరి నోటా తామర. కాలువ నిండా ఉండే గుర్రపుడెక్క ఒక్కరికీ గుర్తు రాదు, ఎందుకంటే పుస్తకంలో బొమ్మ తామరది.

పిక్నిక్ ఉందిగా, ఇదెందుకు?

స్టాఫ్ రూములో మొదట వచ్చిన ప్రశ్న ఇదే. ప్రతి చలికాలం పిల్లల్ని భవానీ ద్వీపానికో కొండపల్లి ఖిల్లాకో తీసుకెళ్తాం. పిక్నిక్‌ని నేను తక్కువ చేయను, పిల్లలు ఏడాదంతా దాని గురించే మాట్లాడుకుంటారు. కానీ అక్కడ పాఠం జరగదు. బస్సు మాట్లాడాలి, డబ్బులు వసూలు చేయాలి, ఇవ్వలేని పిల్లలు ఆ రోజు జ్వరమని ఇంట్లో ఉండిపోతారు, వెళ్లాక లెక్కపెట్టుకోవడం, టిఫిన్ పంచడం, పడవ దగ్గర అరవడంతోనే మనకి పొద్దు గడిచిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఒకసారి చూసిన చెట్టుని మళ్లీ చూడరు. రావిచెట్టు ఆకు రాల్చి, రాగి రంగు చిగురు వేసి, అది పచ్చబడేదాకా చూడాలంటే అదే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. మార్పు అన్నది సైన్స్‌లో సగం పాఠం, ఒక్కసారి వెళ్లి వస్తే అది కనబడదు.

బడి బయటి జీవితంతో చదువుని కలపాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తన సూత్రాల్లో మొదటిదిగానే పెట్టింది. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతులకు పది రోజుల బ్యాగ్ లేని చదువు అంది. కాగితం మీద మనకి అడ్డేమీ లేదన్నమాట. అడ్డమంతా టైమ్‌టేబుల్‌లో, గేటు దగ్గర, తల్లిదండ్రుల భయంలో ఉంటుంది.

చోటు వెతుక్కోవడం

మొదట అనుకున్నది పార్కు. దగ్గర్లోనే ఒకటి ఉంది, గడ్డి, బెంచీలు, నీడ అన్నీ ఉన్నాయి. కానీ వాకింగ్‌కి వచ్చేవాళ్ల కోసం పొద్దున, మళ్లీ సాయంత్రం మాత్రమే తెరుస్తారు, బడి టైమంతా గేటుకి తాళం. లెటర్ పెట్టండి అన్నారు, పెట్టాం. అది ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి తిరుగుతూ ఉండగానే దసరా సెలవులు వచ్చేలా ఉన్నాయి. పిల్లలు బడిలో ఉండే వేళ పిల్లల పార్కు మూసి ఉంచడం నాకు ఇప్పటికీ అర్థం కాదు. సరే, ఎవరి తాళం అక్కర్లేని చోటు చూసుకున్నాం, కాలువ గట్టు.

గట్టంతా ఒకేలా ఉండదు. కొన్ని చోట్ల పగిలిన సీసాలు, కొన్ని చోట్ల చెత్త, కొన్ని చోట్ల పట్టపగలే మందు తాగేవాళ్లు. నేనూ మా పీఈటీ సారూ కలిసి ఒక సాయంత్రం మొత్తం నడిచి ఒక ముక్క ఎంచుకున్నాం. నీటి వైపు గట్టి రెయిలింగు ఉండాలి. నీడ ఉండాలి, అక్కడ రెండు పెద్ద నిద్రగన్నేరు చెట్లు, ఒక వరస కానుగ చెట్లు, కాస్త దూరంలో చిన్న గుడి, దాని పక్కన రావి, వేప ఉన్నాయి. మనుషులు కనబడుతూ ఉండాలి. అక్కడ ఒక టీ కొట్టు ఉంది, ఆయన రెండో వారానికల్లా మా వాచ్‌మన్ అయిపోయాడు, "మేడం, ఆ పక్క బురదగా ఉంది, పిల్లల్ని ఇటు కూర్చోబెట్టండి" అని ముందే చెప్పేవాడు. నిర్మానుష్యంగా, ప్రశాంతంగా ఉండే చోటు వెతకకండి. పిల్లలతో వెళ్లేటప్పుడు నలుగురు తిరిగే చోటే మంచిది.

తల్లిదండ్రుల మీటింగులో విషయం పెట్టాం. "ఏంటి మేడం, చదువుకోమని పంపితే గట్టు మీద తిప్పుతారంట" అని ఒకావిడ నిలదీసింది. ఇంకొకరికి ఎండ భయం, ఇంకొకరికి నీళ్ల భయం, ఆడపిల్లల తల్లులకు రోడ్డు మీద ఎవరేమంటారోనన్న భయం. వాదించడం అనవసరం అనిపించింది. స్కూల్ కమిటీలో ఉన్న ఇద్దరు తల్లుల్ని మొదటి రెండు వారాలు మాతోనే రమ్మన్నాం. వాళ్లు చూసి వెళ్లి మిగతావాళ్లకు చెప్పిన మాటే పనిచేసింది, మేము ఇచ్చిన సమ్మతి పత్రం కన్నా అదే ఎక్కువ. ఆ పత్రం కూడా తెలుగులో నాలుగు లైన్లే: ఎక్కడికి, ఎన్నింటికి, ఎవరు వెంట ఉంటారు, ఫోన్ నంబరు ఏది.

ఒక్కసారికి ఒక్క ప్రశ్న

వారానికి ఒక రోజు, ఎక్కువగా శనివారం (నో బ్యాగ్ డే కాబట్టి), ఇంటర్వెల్‌కి ముందున్న రెండు పీరియడ్లు కలిపి తీసుకున్నాం. పోను పది నిమిషాలు, రాను పది నిమిషాలు, అక్కడ యాభై నిమిషాల పని. గంటన్నర దాటకుండా తిరిగొచ్చేస్తే బాత్రూము సమస్య రాదు. దూరం వెళ్తే మొదట దెబ్బతినేది ఆడపిల్లలే, వెళ్లే ముందు నుంచే నీళ్లు తాగడం మానేస్తారు, అది ఎండ కన్నా ప్రమాదం. దగ్గరి చోటు అని నేను పట్టుబట్టడానికి ఇదొక పెద్ద కారణం.

మొదటిసారి పాఠమేమీ పెట్టుకోలేదు. పరిగెత్తారు, అరిచారు, రెయిలింగ్ పట్టుకుని వేలాడారు, చెట్టెక్కబోయారు. ఆ సరదా ముందు తీరిపోవాలి. రెండో వారం నుంచి ఒక పద్ధతి: బయల్దేరే ముందు బోర్డు మీద ఒకే ఒక్క ప్రశ్న రాస్తాను. "చెట్ల గురించి తెలుసుకుందాం" లాంటివి పనిచేయవు, పిల్లలు పది నిమిషాల్లో ఆకులు కోసి, ఒకరి మీద ఒకరు విసురుకోవడం మొదలెడతారు. "ఈ నిద్రగన్నేరు కింద గడ్డి ఎందుకు పలచగా ఉంది?" అంటే వెతుకుతారు. నీడ వల్ల అన్నారు కొందరు, జనం తొక్కడం వల్ల అన్నారు కొందరు. మరి ఎవరూ తొక్కని నీడ ఎక్కడైనా ఉందా, ఎండలో ఉండి తొక్కిన చోటు ఉందా అని వాళ్లే వెతికి పోల్చి చూశారు. ప్రయోగంలో ఒక్క అంశాన్ని మార్చి మిగతావి అలాగే ఉంచాలన్న మాట నేను బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది అక్కడ వాళ్ల నోట్లోంచి దానంతటదే వచ్చింది.

నోట్‌బుక్‌లో ప్రతిసారీ పేజీని నాలుగు గళ్లుగా గీసుకోవాలి: చూసింది, కొలిచింది, గీసింది, అనుమానం. నాలుగో గడి ఖాళీగా ఉంటే సంతకం పెట్టను. మొదట్లో "అనుమానం ఏమీ లేదు మేడం" అని రాసేవాళ్లు. దసరా తర్వాత ఆ గడి పట్టక పక్క పేజీలోకి వెళ్లింది.

గుర్రపుడెక్కతో వేగం

ఏడాది మొత్తంలో బాగా పండిన పాఠం ఇది, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

ఏడో తరగతిలో చలనం, కాలం పాఠం ఉంది. వేగం అంటే దూరాన్ని కాలంతో భాగించడం. క్లాసులో అయితే బస్సు, రైలు లెక్కలు. మేము గట్టు మీద రెండు లైటు స్తంభాల మధ్య దూరం పీఈటీ సార్ టేపుతో కొలిచాం, 30 మీటర్లు. కాలువలో ఏమీ వేయక్కర్లేదు, గుర్రపుడెక్క గుత్తులు ఎలాగూ తేలుకుంటూ వస్తూనే ఉంటాయి. ఒక స్తంభం దగ్గర ఒక జట్టు, రెండో స్తంభం దగ్గర ఇంకో జట్టు, మధ్యలో నా ఫోన్‌లో స్టాప్‌వాచ్. గుత్తి మొదటి స్తంభానికి ఎదురుగా రాగానే చెయ్యెత్తాలి, రెండో దాని దగ్గరికి రాగానే వాళ్లు చెయ్యెత్తాలి.

మొదటి జట్టుకి 48 సెకన్లు వచ్చింది. అంటే సెకనుకి 0.62 మీటర్లు. రెండో జట్టుకి 70 సెకన్లు. గొడవ మొదలైంది. మీరు చెయ్యి లేటుగా ఎత్తారు, కాదు మీరే ముందు ఎత్తారు, మేడం ఫోన్ సరిగ్గా నొక్కలేదు. నేను మాట్లాడకుండా ఊరుకున్నాను. కాసేపటికి ఒక పిల్ల, "వాళ్లది నడిమధ్యలో వచ్చింది మేడం, మాది గట్టు పక్కన వచ్చింది" అంది. సరే, అయితే రెండు గుత్తులు ఒకేసారి వచ్చేదాకా ఆగుదాం అన్నాం. ఆగాం. ఒకటి మధ్యలో, ఒకటి గట్టు వారన. మధ్యది హాయిగా వెళ్లిపోయింది, వారనున్నది కాసేపు నడిచి, గట్టు రాళ్ల దగ్గర గుండ్రంగా తిరుగుతూ అక్కడే ఉండిపోయింది. ఘర్షణ అన్న మాట నేను అప్పుడు చెప్పాను. ఆ పదానికి నిర్వచనం ఎవరూ అడగలేదు.

మళ్లీ ఇంకో లెక్క. ఈ కాలువ మచిలీపట్నం (బందరు) వైపు వెళ్తుంది, సుమారు 70 కిలోమీటర్లు. ఇదే వేగంతో వెళ్తే గుర్రపుడెక్క బందరు చేరడానికి ఎంత సేపు? నల్లబల్ల లేదు, క్యాలిక్యులేటర్ లేదు, నేల మీద పుల్లతో లెక్కేశారు, 31 గంటల పైచిలుకు వచ్చింది. వెంటనే ఒకడు, "దారిలో లాకులు ఉంటాయిగా మేడం, అక్కడ ఆగిపోదా?" అన్నాడు. వాళ్ల తాతది అవనిగడ్డ వైపు పల్లె. మన లెక్క ఎక్కడ నిజం కాకుండా పోతుందో చెప్పగలగడం మార్కుల జాబితాలో ఉండదు, ఉంటే వాడికి ఫుల్ మార్కులు వేసేదాన్ని.

అదే రోజు "ఈ నీళ్లు ఎవరివి" అన్న చర్చ కూడా వచ్చింది. కృష్ణవి అన్నారు అందరూ. నిజానికి 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు పోలవరం కుడి కాలువలో వచ్చి ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో కలుస్తున్నాయి, అది మన కాలువ మొదలయ్యే ప్రకాశం బ్యారేజీకి ఎగువన. కాబట్టి పట్టిసీమ పంపులు నడిచే రోజుల్లో మన కాలువలో గోదావరి నీళ్లు కూడా ఉంటాయి. ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చిందని, అంతకు ముందు అక్కడ 1855 నాటి ఆనకట్ట ఉండేదని సోషల్ సార్ తర్వాతి పీరియడ్‌లో కొనసాగించారు. ఇది ప్లాన్ చేసింది కాదు. పిల్లలు నోట్‌బుక్ తీసుకెళ్లి ఆయన్ని అడిగారు, ఆయన వదల్లేదు.

జిల్లేడు మీద పురుగు

రెయిలింగ్ పక్కన ఒక జిల్లేడు మొక్క ఉండేది. సెప్టెంబరులో దాని ఆకు అడుగున గొంగళిపురుగు కనిపించింది. తెలుపు, నలుపు చారలు, మధ్యలో పసుపు చుక్కలు, ఒంటి మీద మూడు జతల నల్లటి మీసాల్లాంటివి. జిల్లేడు పాలు విషమని వీళ్లందరికీ ఇంట్లో చెప్పి ఉంచారు, కంట్లో పడితే ప్రమాదమని కూడా తెలుసు. మరి ఇది ఎలా తింటోంది? ఆ వారం అనుమానం గడిలో ముప్పై మందికి పైగా ఇదే రాశారు. ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక పిల్ల అది. ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది, పెద్దయ్యాక కూడా అది ఉంటుంది కాబట్టి ఒకసారి నోట పెట్టిన పిట్ట మళ్లీ దాని జోలికి పోదు. ఆ రంగులు దాక్కోవడానికి కాదు, నన్ను తినొద్దని చెప్పడానికి. అయితే ఇంట్లో కరివేపాకు చెట్టు మీదుండే పురుగు మాత్రం చిన్నప్పుడు పిట్ట రెట్టలా ఎందుకు ఉంటుంది మేడం అని ఇంకో అమ్మాయి. అది దాక్కునేది, ఇది చాటుకునేది. అనుకూలనాలు అన్న పాఠం ఈ రెండు పురుగుల మీదే నడిపించాను.

రెండు వారాల తర్వాత వెళ్లేసరికి జిల్లేడు లేదు. గట్టు శుభ్రం చేశారు, మొక్క మొదలంటా నరికేశారు. పిల్లలకు ఏడుపొక్కటే తక్కువ. అక్కడే ఊడుస్తున్న పారిశుధ్య కార్మికురాలిని పట్టుకుని నిలదీశారు. ఆవిడ నవ్వి, "జిల్లేడు అంత తేలిగ్గా చావదమ్మా, వేరు ఉందిగా, వానకి మళ్లీ లేస్తది" అంది. లేచింది. నవంబరుకల్లా మోకాలి ఎత్తు. మొదటి చిగురు వచ్చిన రోజు ఆవిడే టీ కొట్టు దగ్గర మాకోసం ఆగి చెప్పింది.

వినాయక చవితి వారం పత్రి పాఠం కూడా ఇలాంటిదే. ఏకవింశతి పత్రి అంటే ఇరవై ఒక్క ఆకులు, పిల్లలు బజారులో కొన్న పత్రి కట్టలు తెచ్చారు, వ్రతకల్పం పుస్తకంలో జాబితా పక్కన పెట్టుకుని సరిచూశాం. కట్టలో మామిడి, జామ కలిపి సగం, మిగతాది ఏదో పిచ్చి ఆకు. అప్పుడు గట్టు మీద వెతికితే గరిక, ఉత్తరేణి, జిల్లేడు, రావి, ఉమ్మెత్త, గన్నేరు, రేగు దొరికాయి. దేవదారు పేరుతో కట్టలో వచ్చింది నరమామిడి ఆకు, అసలు దేవదారు హిమాలయాల చెట్టు. క్లాసులో ముస్లిం పిల్లలు, క్రిస్టియన్ పిల్లలు ఉన్నారు కాబట్టి దీన్ని పూజ కింద నడపలేదు. మీ ఇంట్లో ఏ ఆకు దేనికి వాడతారో అడిగి రమ్మన్నాం, గోరింటాకు, వేపాకు, వావిలాకు, తులసి అన్నీ చార్టులోకి వచ్చాయి. తిరిగొచ్చాక ఆడపిల్లల చుడీదార్ల నిండా ఉత్తరేణి గింజలు. పీకుతూ కూర్చున్నారు. విత్తనాల వ్యాప్తి పాఠం వాళ్ల బట్టలకే అంటుకుని వచ్చింది.

గన్నేరు, ఉమ్మెత్త రెండూ విషమే. ముట్టుకున్నాక చేతులు కడిగించకుండా టిఫిన్ డబ్బా మూత తీయనివ్వను. ఊళ్లో డివైడర్ల మీద అంతటా గన్నేరే ఉంది కాబట్టి ఇది గట్టుకే కాదు, ఎక్కడికైనా వర్తిస్తుంది.

నేల, నీరు, బుడమేరు

నేల పాఠం దగ్గర ఒక చిన్న ప్రయోగం. లీటరు వాటర్ బాటిల్ అడుగు కోసేసి గొట్టంలా నేలలోకి కాస్త దించి, గ్లాసుడు నీళ్లు పోసి ఇంకడానికి ఎంత సేపు పడుతుందో చూడాలి. ఒకటి చెట్టు కింద ఆకులు కుళ్లిన మట్టిలో, ఒకటి జనం నడిచే బాటలో, ఒకటి సిమెంటు మీద (అక్కడ బాటిల్ దిగదు, చుట్టూ మట్టి ముద్ద పెట్టి ఆపాం). మొదటిది చూస్తుండగానే ఇంకింది. బాటలో చాలాసేపు పట్టింది. సిమెంటు మీద మేం బయల్దేరేదాకా అలాగే ఉంది.

"ఊరంతా సిమెంటేగా మేడం" అన్నాడు వెనక నుంచి ఒకడు. అంతే, మాట 2024 సెప్టెంబరు 1కి వెళ్లిపోయింది. ఆ రోజు బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ వైపు మునిగింది, మా క్లాసులో చాలామందికి అక్కడ బంధువులున్నారు, పిన్ని ఇంట్లో గోడ మీద నీటి చార ఇంకా ఉందని, మేనత్త వాళ్లు డాబా మీద ఉన్నారని ఒకరి తర్వాత ఒకరు చెప్పడం మొదలెట్టారు. ఆ రోజుల్లోనే బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. బుడమేరు నీళ్లు కొల్లేరుకు పోవాలి, కృష్ణ నీళ్లు సముద్రానికి పోవాలి, మధ్యలో ఊరు. నేను అనుకున్న పాఠం ఆగిపోయింది. ఆగనిచ్చాను. వరదకి సిమెంటు ఒక్కటే కారణం కాదని, వాన ఎంత పడింది, గండ్లు ఎక్కడ పడ్డాయి, నీళ్లు పోయే దారి ఎంత ఇరుకైంది అన్నవన్నీ ఉంటాయని మరుసటి వారం మ్యాప్ పెట్టుకుని మాట్లాడుకున్నాం.

పెద్దగా పనిచేయనివి

మార్కుల సంగతి ముందు చెప్తాను, అందరూ అదే అడుగుతారు కాబట్టి. నిర్వచనాలు రాయమన్న ప్రశ్నల్లో పెద్ద తేడా లేదు. బట్టీ పట్టేవాళ్లు పట్టారు, పట్టనివాళ్లు పట్టలేదు. తేడా కనిపించింది "ఎందుకు", "ఏం జరుగుతుంది", "బొమ్మ గీసి భాగాలు గుర్తించండి" ప్రశ్నల్లో. ముందు ఖాళీగా వదిలేసే పిల్లలు ఏదో ఒకటి, చాలాసార్లు సరైనదే, రాశారు. ప్రాజెక్టు పని మార్కులకి ఇక షాపులో చార్టులు కొనుక్కురావాల్సిన అవసరం రాలేదు, నోట్‌బుక్కే ప్రాజెక్టు.

క్లాసు ఫస్ట్ వచ్చే ఇద్దరు ముగ్గురికి ఇది నచ్చలేదు. "ఇది ఇంపార్టెంటా మేడం? పరీక్షలో వస్తుందా?" అని ప్రతివారం. జవాబు ఒకటే ఉండని ప్రశ్న వాళ్లకి టెన్షన్. ఏడాది చివరికి ఒకరు కొంచెం మెత్తబడ్డారు, మిగతావాళ్లు లేదు. గొంతు పెద్దగా ఉన్న మగపిల్లలు గట్టు మీద ఇంకా పెద్దగా అరిచారు, ఆడపిల్లలు టేపు పట్టుకోవడానికే పరిమితమయ్యేవాళ్లు, అందుకని పనులు వంతులేశాం: కొలిచేవాళ్లు, రాసేవాళ్లు, టైమ్ చూసేవాళ్లు, వారం వారం మారాలి.

ట్రాఫిక్ రొదలో నా గొంతు ఎవరికీ వినబడదు. అక్కడ లెక్చర్ ఇవ్వాలనుకునేవాళ్లు వెళ్లకపోవడమే మేలు. చెప్పాల్సింది క్లాసులోనే చెప్పి, అక్కడ పీఈటీ సార్ విజిల్ మీద నడిపాం. వానాకాలం మూడు నాలుగు వారాలు బురద, దోమలు, అసలు వెళ్లలేదు. తర్వాత పీరియడ్ టీచరుకి చెమటలు కక్కుతూ, ఊగిపోతూ వచ్చిన క్లాసు దొరుకుతుంది, ఆవిడ కోపం న్యాయమే. ఇంటర్వెల్ ముందు పెట్టుకుంటే ఆ పది నిమిషాల్లో మొహాలు కడుక్కుని, నీళ్లు తాగి కుదుటపడతారు.

ఫొటోలు. మనకి ఎలాగూ రోజుకి ఇన్ని ఫొటోలు అప్‌లోడ్ చేసే పని ఉండనే ఉంది. గట్టు మీద మాత్రం ఫోన్ స్టాప్‌వాచ్‌కే అని పెట్టుకున్నాం. ఫొటో అనగానే పిల్లలు పురుగుని వదిలేసి కెమెరా వైపు తిరుగుతారు.

జాగ్రత్తలు

నీళ్ల కన్నా, పాముల కన్నా పెద్ద ప్రమాదం రోడ్డు దాటడం. పొడవాటి తాడుకి ముడులు వేసి, ముడికి ఒక జత చొప్పున పట్టుకుని నడుస్తారు, ముందు ఒక పెద్దవాళ్లు, వెనక ఒకరు, మధ్యలో ఆయా. ఏడో తరగతి పిల్లలకి తాడు నామోషీగా ఉంటుంది, ఉండనివ్వండి.

కుక్కలు రెండోది. తినేవి ఏవీ చేతిలో ఉండకూడదు, కుక్క వస్తే పరిగెత్తకూడదు, ఆగి నిలబడాలి. కరిచినా గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి వెంటనే ఆసుపత్రికి, ఇంట్లో చెప్పకుండా దాచడం కుదరదని ముందే చెప్పాం. అదృష్టం, అవసరం రాలేదు. రెయిలింగ్ దాటి చెయ్యి కూడా పెట్టకూడదు. పుట్టల్లో, రాళ్ల సందుల్లో పుల్ల పెట్టి కెలకకూడదు. చెప్పులు కాదు, బూట్లు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, అటెండెన్స్ కాగితం నా సంచిలో. ఫిబ్రవరి చివర నుంచి బయటి పని పొద్దున్నే ముగించాలి, విజయవాడ ఎండ సంగతి చెప్పక్కర్లేదు.

ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది, ప్రపంచమంతా ఒకే నాలుగు రోజుల్లో కనీసం 15 నిమిషాలు పిట్టల్ని లెక్కపెట్టి ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో ఎక్కిస్తారు. మేమూ చేశాం. ముందు అన్నీ "నల్ల పిట్ట", "బుల్లి పిట్ట" అనే రాసేవాళ్లు, అప్పటికల్లా గోరింక, లకుముకి, నీటికాకి, తేనెపిట్ట, జెముడుకాకి విడివిడిగా రాయగలిగారు. పిట్టల లెక్కకి బైనాక్యులర్లు ఉంటే బాగుండేది, లేకపోయినా ఆగలేదు.

గుంటూరులో ఉన్న ఒక టీచర్ స్నేహితురాలు "మా దగ్గర కాలువ లేదే, ఉప్పలపాడు పక్షుల కేంద్రానికి తీసుకెళ్లాలంటే బస్సు కావాలి" అంది. ఉప్పలపాడుకి ఏడాదికోసారి వెళ్లండి, పెలికాన్లని అంత దగ్గరగా చూడ్డం వేరే సంగతి. వారం వారం పనికి మాత్రం బడికి దగ్గరున్న ఒక్క చెట్టు చాలు. మేము నాలుగు చెట్లకి నెలనెలా రాసిన పట్టిక ఉంది: కొత్త ఆకు, ముదురాకు, మొగ్గ, పువ్వు, కాయ, ఎంత ఉంది (లేదు, కొంచెం, బాగా). సీజన్‌వాచ్ అనే దేశవ్యాప్త కార్యక్రమం దాదాపు ఇదే పద్ధతిలో చెట్లని గమనిస్తుంది, యాప్ ఉంది, మేము కాగితం మీదే చేశాం. వేప మొదటి పువ్వు ఉగాదికి ఎన్ని రోజుల ముందు వచ్చిందో ఆ పట్టికలో ఉంది, ఈ ఏడాది దానితో పోల్చడానికి కొత్త ఏడో తరగతి వాళ్లకి అదే చెట్టు, అదే పట్టిక ఇచ్చాం.

ఇక మిగిలింది వేసవి పని. నీళ్లు ఆపి కాలువ కట్టేసే రోజుల్లో అడుగు బయటపడుతుంది, ప్లాస్టిక్, బురద, నత్తగుల్లలు అన్నీ పైకి కనిపిస్తాయి. నిరుడు అప్పటికి పరీక్షలు దగ్గరపడి వెళ్లలేకపోయాం. ఈసారి ఒంటిపూట బడులు మొదలవగానే మొదటి పీరియడ్‌లో వెళ్లి, రెయిలింగ్ ఇవతల నిలబడే, రెండు స్తంభాల మధ్య ఏ రకం చెత్త ఎంత ఉందో లెక్కపెట్టాలని హెచ్ఎం గారికి రాసిచ్చాను. సంతకం అయింది. టేపు పీఈటీ సార్ దగ్గరే ఉంది.